మోరీ నీళ్లు ఇంట్లోకి ఎదురుతన్నాయి: ఏది కడగాలి, ఏది పారేయాలి?

దేవరకొండ రోడ్డు వాసి | సోమవారం ఉదయం 8:50
అందరికీ నమస్కారం. మాది నల్లగొండ, దేవరకొండ రోడ్డు వైపు. నాన్న కట్టించిన పాత ఇల్లు. నిన్న రాత్రి వాన దంచుతుంటే పదకొండున్నరకు బాత్రూం మూలన గుడగుడమని చప్పుడు వచ్చింది. ఎలుకేమో అనుకున్నా. లైటు వేసి చూస్తే జాలీ మూత తేలుతోంది, దాని కింద నుంచి నల్లటి నీళ్లు ఊరుతున్నాయి. పాత గోనెసంచులు అడ్డం వేసేలోపే హాల్లోకి వచ్చేశాయి. నాలుగు వేళ్ల ఎత్తున తెల్లారి అయిదింటి దాకా నిలబడి, తర్వాత వాటంతట అవే దిగిపోయాయి. ఇప్పుడు ఇల్లంతా నల్ల ఒండు, వాసన చెప్పనక్కర్లేదు.

కింద షాబాద్ బండలు. తడిసినవి: ప్లైవుడ్ బాక్స్ మంచం, ఒక సోఫా, కింద పరిచిన దూది పరుపులు రెండు, వంటింటి కింది అరలు, రెండు బియ్యం బస్తాలు, ట్రంకు పెట్టెలో అమ్మ బట్టలు, ఫ్రిజ్ అడుగు. వాకిట్లో సంపు మూత నేలకు సమంగానే ఉంటుంది. ఇంట్లో అమ్మకు 71 ఏళ్లు, పాపకు 4. మా ఆవిడ అన్నీ పారేద్దామంటోంది. అమ్మ ఒక్కటీ పారేయనివ్వనంటోంది. నాకు బుర్ర పనిచేయట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మిర్యాలగూడ ప్లంబర్ | 9:05
అన్నా, కడగడం తర్వాత. మెయిన్ ఆఫ్ చేశావా? కింది సాకెట్లు తడిసి ఉంటే ఎలక్ట్రీషియన్ చూసేదాకా వేయొద్దు. మెయిన్ బోర్డు దగ్గరికి తడి నేల మీద నడవాల్సి వస్తే నువ్వు పోకు, లైన్‌మన్‌కు ఫోన్ చెయ్. ఫ్రిజ్ కంప్రెసర్ అడుగునే ఉంటుంది, ప్లగ్గు పీకెయ్.

రెండోది, మీ ఇంటి మురుగు పైపు బయటి లైనులో కలిసేచోట, గేటు ముందున్న చాంబర్ మూత తీసి చూడు. చాంబర్ నిండి ఉంటే తప్పు బయటి లైనుది. చాంబర్ ఖాళీగా ఉండి ఇంట్లోకి వచ్చిందంటే మీ పైపే జామ్. అది తేలకుండా లోపల్నుంచి వైరు పెట్టి పొడవొద్దు.

సూర్యాపేట కిరాయిదారు | 9:20
ఇంత టెన్షన్ అక్కర్లేదు బ్రదర్. మా పాత ఇంట్లో మూడు సార్లు వచ్చింది. రెండు సీసాల ఫినాయిల్ పోసి కడిగేసినం, పరుపులు మిద్దె మీద ఎండేసినం. ఏం కాలేదు.

వార్డు అక్క | 9:34
పైన రాసినవారికి అదృష్టం కలిసొచ్చింది, అంతే. నేను నర్సును. ఈ నీళ్లలో వీధి మొత్తం మరుగుదొడ్ల నుంచి వచ్చింది ఉంటుంది. విరేచనాలు, టైఫాయిడ్, కామెర్లు, ఎలుక మూత్రంతో వచ్చే ఎలుక జ్వరం, అన్నీ ఇందులో నుంచే. ఫినాయిల్ వాసనకు గలీజు వాసన కనబడకుండా పోతుంది, అందుకే కడిగినట్టు అనిపిస్తుంది.

తమ్ముడూ, పాపను, అమ్మను ఈ పూటే చుట్టాల ఇంటికి పంపు. గర్భిణులు ఎవరైనా ఉంటే అసలు లోపలికి రానివ్వకు, వాళ్లకు హెపటైటిస్-ఇ అనే రకం కామెర్లు ప్రాణం మీదికి తెస్తాయి. నువ్వు పొలానికి వేసుకునే రబ్బరు బూట్లు, చేతులకు మోచేతి దాకా గ్లౌజులు వేసుకో. కాలికి గీరుకున్నా సబ్బుతో కడిగి, టీటీ వేయించుకుని ఐదేళ్లు దాటితే మళ్లీ వేయించుకో. రెండు మూడు వారాల్లోపు జ్వరం, పిక్కల నొప్పులు, కళ్లు ఎర్రబడడం కనిపిస్తే డాక్టరుకు "మోరీ నీళ్లలో దిగాను" అని నోరు తెరిచి చెప్పు. చెప్పకపోతే మామూలు వైరల్ అని పంపించేస్తారు. కామెర్లు అయితే నెల, నెలన్నర తర్వాత కూడా బయటపడొచ్చు.

దేవరకొండ రోడ్డు వాసి | 10:10
మెయిన్ ఆఫ్ చేశాను. చాంబర్ నిండా ఉంది, అంటే బయటిదే. అమ్మను, పాపను కనగల్‌లో మా అక్క ఇంటికి పంపించాను. అమ్మ ఆటో ఎక్కేముందు "నా బొంత పారేస్తే నీ ఇంటికి రాను" అని వెళ్లింది. ఎలక్ట్రీషియన్ సాయంత్రం వస్తానన్నాడు. బ్లీచింగ్ పౌడర్, నల్ల మరకలకు యాసిడ్ రెండు సీసాలు తెచ్చాను. రెండూ కలిపి పోస్తే ఒకేసారి అయిపోతుందా?

పాలమూరు మేస్త్రీ | 10:12
వద్దు!! యాసిడ్ పక్కన పెట్టు.

పాలమూరు మేస్త్రీ | 10:19
తొందరలో అరిచిన, ఏమనుకోకు. బ్లీచింగ్‌లో యాసిడ్ పడితే క్లోరిన్ గ్యాస్ లేస్తుంది. తలుపులు మూసిన బాత్రూంలో అయితే మనిషి బయటికి రాకముందే దగ్గుతో కూలబడతాడు. చాలా టాయిలెట్ క్లీనర్లు కూడా యాసిడే, అవీ కలపొద్దు. ఇంకో మాట, నీవి షాబాద్ బండలు. అది సున్నపురాయి. యాసిడ్ చుక్క పడితే బుస్సుమని నురగ వస్తది, మెరుపు పోయి గరుకైతది, ఆ గరుకులో మురికి ఇంకా గట్టిగా పట్టుకుంటది. బండలకు సబ్బునీళ్లు, కొబ్బరిపీచు బ్రష్షు చాలు.

రిటైర్డ్ హెల్త్ ఇన్‌స్పెక్టర్ | 10:45
బాబూ, వరస చెబుతాను. ముందు ఒండును పారతో ఎత్తి సంచుల్లో కట్టు. చీపురుతో మోరీలోకి తోస్తే ఆ మోరీ మళ్లీ నీ ఇంట్లోకే తోస్తుంది. తర్వాత సర్ఫు నీళ్లతో నేల, గోడల కింది భాగం రుద్ది కడుగు. బ్లీచింగ్ ఆ తర్వాతే. మట్టి, మలినం ఉన్నచోట బ్లీచింగ్ పోస్తే దాని బలం ఆ మురికిని కాల్చడానికే అయిపోతుంది, క్రిముల దాకా చేరదు. నా సర్వీసు మొత్తంలో జనం తలకిందులుగా చేసింది ఇదే. పౌడర్ చల్లుతారు, ఫొటో దిగుతారు, వెళ్లిపోతారు.

తాజా పౌడర్‌లో క్లోరిన్ సుమారు 30 శాతం ఉంటుంది. పది లీటర్ల ప్లాస్టిక్ బకెట్‌కు 150 నుంచి 200 గ్రాములు కలిపి, అడుగుకు దిగాక పైతేట నీళ్లు వాడు. ఇనుప బకెట్ వద్దు. నేల పదిహేను, ఇరవై నిమిషాలు తడిగానే ఉండాలి, ఆరిపోతుంటే మళ్లీ పొయ్యి. కిటికీలన్నీ తెరిచి ఉంచు. మూతి విప్పిన బస్తాలో నెలల తరబడి ఉన్న పౌడర్ చచ్చిపోయి ఉంటుంది. సంచి విప్పగానే ముక్కు మండకపోతే అది సున్నంతో సమానం.

మన ఊరి పేరు మీదే ఒక పద్ధతి ఉంది తెలుసా? తాగునీటిలోని ఫ్లోరైడ్ తీయడానికి నీరి అనే పరిశోధన సంస్థవాళ్లు కనిపెట్టిన నల్లగొండ టెక్నిక్. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లను తేర్చేవాళ్లం. అంత బ్లీచింగ్ చూసిన ఊరు మనది, ఇప్పటికీ కొలత లేకుండా గుప్పెళ్లతో చల్లుతున్నాం.

సూర్యాపేట కిరాయిదారు | 11:02
సరే పెద్దాయనా, ఫినాయిల్ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ పరుపులు? ఎండకు ఏ క్రిమి బతుకుతుంది? లేదంటే దూది ఏకే మిషన్ వాళ్లకిచ్చి మళ్లీ కుట్టించొచ్చు కదా. కొత్తవి కొంటే ఎంతవుతుందో తెలుసా?

వార్డు అక్క | 11:15
ఎండ పైన తగులుతుంది. లోపల నాలుగంగుళాల దూది ఆ నీళ్లు తాగి కూర్చుంది. పైన ఎండినట్టుంటుంది, మధ్యలో చెయ్యి పెడితే చల్లగా ఉంటుంది. దాన్ని ఏకిస్తే ఆ దుమ్మంతా ఏకేవాడి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పరుపు, ఫోమ్ సోఫా, దిండ్లు, ఎవరడిగినా నా జవాబు ఒకటే, పోతాయి. బియ్యం, పప్పులు, సంచి తడవని పైసగం అయినా సరే, పోతాయి. కోళ్లకు వేద్దామన్న ఆలోచన కూడా వద్దు.

దేవరకొండ రోడ్డు వాసి | మధ్యాహ్నం 1:40
ఒండు ఎత్తాం. పదకొండు సంచులైంది. పరుపులు గేటు బయట పెట్టి లోపలికొచ్చి టీ తాగేలోపే ఒకటి మాయం! ఎవరో తోపుడు బండి మీద వేసుకుపోయారు.

వార్డు అక్క | 1:48
అయ్యో. రెండోదాన్ని కత్తితో నాలుగు చోట్ల చీరు, పైన సున్నం చల్లు. ఎవరో పేదవాళ్లు పిల్లల్ని దాని మీద పడుకోబెడతారు. చుట్టుపక్కల అడిగి ఆ బండాయనకు కబురు పెట్టు.

బీమా తమ్ముడు | 2:05
ఆగండాగండి. పారేసేముందు ఫొటోలు తీశారా? గోడ మీద నీటి గుర్తుతో సహా, ప్రతి సామానూ. హోమ్ లోన్ ఉంటే చాలామందికి తెలియకుండానే ఇంటి బీమా ఉంటుంది. 2021 ఏప్రిల్ 1న మొదలైన భారత్ గృహ రక్ష పాలసీలో వరద, ముంపు ఉన్నాయి. ఇంటి భవనానికి తీసుకుంటే సామాన్లకు భవనం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా దానంతట అదే వస్తుంది. పాలసీ కాగితం వెతికి, ముందు కంపెనీకి కబురు చెప్పి, తర్వాత పారేయండి.

దేవరకొండ రోడ్డు వాసి | 2:20
లోను ఎప్పుడో తీరిపోయింది తమ్ముడూ, బీమా లేదు. ఫొటోలు మాత్రం మా ఆవిడ తీసింది, మా బావకు పంపి ఏడవడానికి.

పాలమూరు మేస్త్రీ | 2:50
చెక్క సంగతి. బాక్స్ మంచం అడుగు పలక మీద బొటనవేలితో నొక్కు. గుంట పడితే అది పొట్టు బోర్డు, దాంట్లో జిగురు విడిపోయింది, ఇక లేదు. పొరలు విచ్చుకుంటే ప్లైవుడ్ కూడా అంతే. గట్టి టేకు, వేప చెక్క అయితే భయం లేదు. రుద్ది కడిగి, బ్లీచింగ్ నీళ్లు తుడిచి, నీడలో నిదానంగా ఆరనియ్. ఎండలో పెడితే వంకర పోతది. నులక మంచం ఉంటే నులక కోసేసి పట్టెలు కడుక్కో. ఇనుప బీరువా, ప్లాస్టిక్ కుర్చీలు, స్టీలు గిన్నెలు, వీటికి ఢోకా లేదు.

వంటింటి అరల కింద అడ్డంగా కొట్టే పట్టీ ఉంటది చూడు, అది పీకు. అందరూ అరలు తుడిచి ఊరుకుంటరు. దాని వెనక అంగుళం నీళ్లు నిలిచి వారం తర్వాత కంపు కొడతది.

దేవరకొండ రోడ్డు వాసి | 4:30
మేస్త్రీ అన్నా, పట్టీ పీకాను. వెనక నీళ్లున్నాయి. అందులో పాప పోగొట్టుకున్న వెండి పట్టీ, చచ్చిన బొద్దింకలు, నాన్న చేతి రాతతో పాల లెక్కల చిన్న నోటుబుక్కు. మంచం పలక మీద నొక్కితే మెత్తటి రొట్టెలో దిగినట్టు వేలు దిగింది. 38 వేల మంచం.

ఆ ట్రంకు పెట్టె తెరిచాను. బొంత సగం తడిసింది. అది మా అమ్మమ్మ చీరలతో అమ్మ కుట్టుకున్నది. ఏం చేయమంటారు?

గద్వాల కోడలు | 4:55
అన్నయ్యా, బొంత దూది పరుపు కాదు. అందులో చీరల పొరలే కదా? పారేయకండి. చల్లటి నీళ్లలో రెండు సార్లు జాడించి బురద వదిలించండి. తర్వాత అంచు కుట్లు కత్తిరించి పొరలు విడదీయండి. కుట్టు మీద కుట్టు ఉంటుంది, ఓపిక కావాలి. నూలు పొరల్ని పెద్ద గంగాళంలో సర్ఫు వేసి తెర్లే నీళ్లలో ఉడకబెట్టి, మంచి ఎండలో ఆరేయండి. రంగు వెలుస్తుంది, వెలవనివ్వండి. మళ్లీ కుట్టుకోవచ్చు.

పట్టు మాత్రం ఉడకబెట్టొద్దు, బ్లీచింగ్ అసలే తగలనివ్వొద్దు, పోగు తినేస్తుంది. మా గద్వాల చీరల్లో ఒళ్లు నూలు, అంచు పట్టు. అంచును చూసే నిర్ణయం తీసుకోవాలి. చల్లటి మంచినీళ్లలో జాడించి నీడన ఆరేసి డ్రైక్లీనింగ్‌కు ఇస్తూ, ఏ నీళ్లలో తడిసిందో చెప్పండి.

వనపర్తి టీచరమ్మ | 5:20
కాగితాలేమైనా తడిశాయా? పట్టాదారు పాసుబుక్కు, పిల్లల మెమోలు, ఇంటి దస్తావేజులు? తడి కాగితాల్ని ఒకదాన్నుంచి ఒకటి లాగకండి. పళ్లెంలో మంచినీళ్లు పోసి మెల్లగా ఆడించి, పాత పత్రికల మధ్య పెట్టి ఫ్యాను గాలికి ఆరబెట్టండి. ఒకేసారి ఆరబెట్టడం కుదరకపోతే ప్లాస్టిక్ కవర్లో వేసి ఎవరింట్లోనైనా డీప్ ఫ్రిజ్‌లో పెట్టించండి. గడ్డకట్టి ఉన్నన్నాళ్లు బూజు పట్టదు. వినడానికి వింతగా ఉంటుంది గానీ పాత పుస్తకాల్ని కాపాడేవాళ్లు చేసేది ఇదే. మీ నాన్నగారి నోటుబుక్కు అలాగే చేయండి. ఆరాక ఫొటో తీసి, అసలును కవర్లో మూసి పెట్టుకోండి.

సూర్యాపేట కిరాయిదారు | 6:40
ఎలక్ట్రీషియన్ కరెంటు ఇచ్చాక, ఇల్లు ఆరడానికి కూలర్ వేసుకో బ్రదర్.

పాలమూరు మేస్త్రీ | 6:52
కూలర్ వేస్తే గాలిలో తేమ ఇంకా పెరుగుతది భయ్యా! నీళ్లు తీసేసి, గడ్డి పలకలు ఊడదీసి ఉత్త ఫ్యానుగా వాడితే బాగా పనికొస్తది. గాలి నేల మీద పాకేటట్టు పెట్టాలె. రెండు రోజుల్లో తడి పోకపోతే బూజు మొదలైతది.

మంగళవారం

దేవరకొండ రోడ్డు వాసి | ఉదయం 7:30
నిన్న ఎలక్ట్రీషియన్ తడిసిన సాకెట్లు మార్చి కరెంటు ఇచ్చాడు. ఫ్రిజ్ ఆరాక ఇంకోసారి చూస్తానన్నాడు. సంపు మిగిలింది. 5,000 లీటర్లది. నీళ్లు పైకి తేటగానే ఉన్నాయి. భగీరథ నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. మోటరు వేసి మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించేశాం కూడా, ఆదివారం రాత్రి తర్వాత ఒకసారి.

రిటైర్డ్ హెల్త్ ఇన్‌స్పెక్టర్ | 8:00
తేటగా ఉండడం లెక్కలోకి రాదు బాబూ. సంపు, మిద్దె ట్యాంకు రెండూ ఖాళీ చేయించు. గోడలు రుద్దించు. సంపులోకి దిగే మనిషికి గాలి ఆడేలా మూత ముందే తెరిచి ఉంచి, పైన ఒకరు నిలబడాలి. ఇంజను పంపు లోపల పెట్టొద్దు. మళ్లీ నింపి 800 గ్రాముల పౌడర్‌ను విడిగా కలిపి తేట నీళ్లు పొయ్యి. లీటరుకు 50 మిల్లీగ్రాముల లెక్క అది. మోటరుతో పై ట్యాంకు నింపి, ప్రతి నల్లా తిప్పి బ్లీచింగ్ వాసన వచ్చేదాకా వదిలి, ఒక రాత్రి, ఒక పగలు అలాగే ఉంచు. ఆ నీళ్లు తాగేవి కావు, మొత్తం వదిలేయాలి.

తర్వాత రోజువారీకి వెయ్యి లీటర్లకు 2.5 గ్రాములు చాలు, కలిపాక గంట ఆగాలి. కొన్నాళ్లు మరిగించే తాగండి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం. ఫిల్టర్ మిషన్‌లో క్యాండిళ్లు మార్పించు. నల్లా వచ్చినప్పుడు మొదటి అయిదు నిమిషాల నీళ్లు వాకిట్లో వదిలెయ్. నల్లా బంద్ ఉన్నప్పుడు పైపులో ఒత్తిడి ఉండదు, పగుళ్లుంటే చుట్టూ ఉన్న మోరీ నీళ్లను లోపలికి గుంజుకుంటుంది.

మిర్యాలగూడ ప్లంబర్ | 8:25
అన్నా, కొత్త మంచం, కొత్త అరలు అని షాపులకు పోయేముందు ఒక పని చెయ్. మేస్త్రీల దగ్గర నీళ్ల లెవెల్ పైపు ఉంటది. ఒక కొస బాత్రూం జాలీ దగ్గర, ఇంకో కొస రోడ్డు మీది మ్యాన్‌హోల్ మూత దగ్గర పట్టి చూడు. ఏది ఎత్తో తెలిస్తే మిగతాది మాట్లాడుకుందాం.

దేవరకొండ రోడ్డు వాసి | సాయంత్రం 5:10
చూశాం. మ్యాన్‌హోల్ మూత మా బాత్రూం నేల కంటే అయిదున్నర అంగుళాలు ఎత్తుంది. నాన్న కట్టినప్పుడు ఇంటికి మూడు మెట్లు ఎక్కేవాళ్లం. రోడ్డు మీద రోడ్డు వేసీ వేసీ ఇప్పుడు ఒక మెట్టు దిగుతున్నాం.

మిర్యాలగూడ ప్లంబర్ | 5:22
అదే అనుకున్నా. లైను నిండితే నీళ్లు మూత లేపుకొని రోడ్డు మీదికి పోవాలంటే అయిదున్నర అంగుళాలు ఎక్కాలె. నీ ఇంట్లోకి పోవాలంటే ఎక్కే పనే లేదు. దానికి పైగా వీధిలో అందరూ మిద్దె వాన పైపు తెచ్చి చాంబర్లోనే కలుపుతరు. మీదీ కలిసి ఉంటే ముందు విడగొట్టు.

చాంబర్ దగ్గర నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టించు. మరుగుదొడ్డి లైను 110 ఎంఎం పైపు అయితే ఆ సైజుదే. లోపల ఒక రెక్క ఉంటది, నీళ్లు బయటికి పోతే తెరుచుకుంటది, ఎదురొస్తే మూసుకుంటది. రెక్క మూసుకున్నంతసేపు మీ నీళ్లు కూడా బయటికి పోవు. వాన పడుతుంటే వాషింగ్ మిషన్ వేసి, స్నానాలు చేస్తే మీ నీళ్లే మీ ఇంట్లో నిండుతయి. మూడు నెలలకోసారి మూత తీసి రెక్కకు వెంట్రుకలు, గుడ్డ పీలికలు చుట్టుకున్నయేమో చూడాలె.

పాలమూరు మేస్త్రీ | 6:00
నేనైతే వాల్వ్‌తో పాటు బాత్రూం నేల ఆరంగుళాలు లేపమంట. మా మహబూబ్‌నగర్‌లో పెద్దచెరువు కిందున్న కాలనీల్లో చాలా ఇండ్లకు ఇదే పని చేసిన.

మిర్యాలగూడ ప్లంబర్ | 6:08
బాత్రూం లేపితే వంటింటి జాలీలో నుంచి వస్తది అన్నా. ఇల్లు మొత్తం లేపుతవా?

పాలమూరు మేస్త్రీ | 6:15
అది కూడా నిజమే. సరే, ముందు వాల్వ్. గోడ ప్లాస్టర్ నీటి గుర్తుకు ఒక అడుగు పైదాకా తట్టి చూడు, డొల్ల శబ్దం వచ్చినచోట కొట్టేసి ఇటుక ఆరనియ్. ఇప్పుడే పుట్టీ, రంగు వేస్తే ఉప్పు పేలి మూడు నెలల్లో పొలుసులు రాలతయి. కొత్తగా వంటింటి అరలకు కడప బండలు నిలబెట్టు, బాత్రూంకు పీవీసీ తలుపు, మంచం ఇనుపది. మళ్లీ నీళ్లొచ్చినా కడుక్కుంటే పోయేటట్టుండాలె.

వార్డు అక్క | 6:40
మ్యాన్‌హోల్ జామ్ తీయడానికి ఎవరినైనా మనిషిని దింపుతారేమో, దింపనివ్వకు తమ్ముడూ. లోపలి గ్యాస్‌కు రెండు ఊపిర్లలో పడిపోతారు. మనుషులతో మురుగు ఎత్తించడాన్ని నిషేధించిన 2013 చట్టం ప్రకారం, రక్షణ సామగ్రి లేకుండా దింపడం నేరం కూడా. మిషన్ బండి కోసం మున్సిపాలిటీకి గానీ, 14420 హెల్ప్‌లైన్‌కు గానీ ఫోన్ చెయ్.

దేవరకొండ రోడ్డు వాసి | 24 రోజుల తర్వాత
అందరికీ అప్‌డేట్. జెట్టింగ్ మిషన్ వచ్చి లైను కొట్టింది. ఒక చీర, అరబస్తా కంకర బయటికొచ్చాయి. వాల్వ్ పెట్టించాం. మిద్దె వాన పైపు విడగొట్టి వాకిట్లో ఇంకుడు గుంతకు కలిపాం. అరలకు కడప బండలు నిలబెట్టారు. మంచం ఇంకా కొనలేదు, చాపల మీదే పడుకుంటున్నాం. గోడలు ఆరుతున్నాయి. ఎవరికీ జ్వరం రాలేదు, అక్క చెప్పిన కామెర్ల గడువు దాటాలి.

నిన్న రాత్రి మళ్లీ గట్టి వాన. పదింటికి రెక్క టపుక్కున మూసుకున్న చప్పుడు బాత్రూంలో వినబడింది. రెండు గంటలు అందరం ఉగ్గబట్టుకుని కూర్చున్నాం, ఒక్క చెంబు నీళ్లు వాడలేదు. జాలీ పొడిగానే ఉంది. పాప మాత్రం సరిగ్గా అప్పుడే "నాన్నా, బాత్రూం" అంది.

గద్వాల కోడలు
బొంత ఏమైంది అన్నయ్యా?

దేవరకొండ రోడ్డు వాసి
ఏడు పొరలు వచ్చాయమ్మా. ఆరింటిని ఉడకబెట్టాం. ఏడోది కొంచెం పట్టు కలిసింది, డ్రైక్లీనింగ్ నుంచి నిన్ననే తెచ్చా. అమ్మ వచ్చేసింది. సూదిలో దారం నాతో ఎక్కించుకుని కుడుతోంది. ఇంకా మాట్లాడడం లేదు.

సూర్యాపేట కిరాయిదారు
బ్రదర్, ఆ వాల్వ్ ఎంతైంది? మా ఓనర్‌కు చూపించాలి.

మిర్యాలగూడ ప్లంబర్
ముందు నీ పైపు సైజు చూసుకో తమ్మీ. పాత సిమెంటు పైపు అయితే ఇది నేరుగా కూర్చోదు, చాంబర్ తవ్వాల్సి వస్తది. ఫొటో పెట్టు.